పేరెత్తని అవయవాలు

కన్నును కలువ అన్నారు, ముక్కును సంపెంగ అన్నారు, మోకాలిని సైతం బోడిగుండుతో ముడిపెట్టి సామెత కట్టారు. ఇన్ని అవయవాలు తెలుగువారి నోట ఇంత ముచ్చటగా పలికినా, పురుషుని వృషణాల పేరు మాత్రం రెండే చోట్ల వినబడుతుంది: వైద్యుని గదిలో సంస్కృతంగా, వీధి తగవులో తిట్టుగా. ఈ రెంటికీ మధ్య, ఇంట్లో బిడ్డతో తల్లీ తండ్రీ పలకదగిన మర్యాదైన మాట చాలా కుటుంబాలలో లేదు.

పూర్వులకు ఇంత బిడియం ఉన్నట్టు కనబడదు. సంస్కృతం వీటిని అండాలన్నది, బీజాలన్నది. అనగా గుడ్లు, విత్తనాలు. ప్రాచీన గ్రీకులు ఒక మొక్క వేళ్ల వద్ద జంటగా పెరిగే దుంపలను చూసి, తమ భాషలో వృషణమని అర్థమిచ్చే మాటనే దానికి పేరుగా పెట్టారు. నేడు పూల దుకాణాలలో ఖరీదైన కానుకగా అమ్ముడుపోయే ఆర్కిడ్ ఆ పేరునే మోస్తున్నది.

ఒక మాట లేకపోవడం చిన్న లోటుగానే తోస్తుంది. కాని దానికి చెల్లించే మూల్యం ఎంతటిదో గ్రహించాలంటే ఈ అవయవాల కథ మొదటినుంచి తెలియాలి.

మూత్రపిండాల చెంతనుంచి

ఫలదీకరణ జరిగిన ఆరు వారాలకు గర్భస్థ పిండం ఆడో మగో దాని ఆకృతిని బట్టి చెప్పడం సాధ్యం కాదు. మూత్రపిండాలు రూపొందే చోటికి సమీపంలో చిన్న గట్లవంటి రెండు కణజాలాలు మాత్రం ఉంటాయి. అవి అండాశయాలూ కావచ్చు, వృషణాలూ కావచ్చు. ఏడవ వారం ప్రాంతంలో వై క్రోమోజోము మీది ఒక జన్యువు ఆజ్ఞ ఇచ్చినట్లయితే అవి వృషణాలుగా మారనారంభిస్తాయి. ఎస్.ఆర్.వై. అని పిలిచే ఆ జన్యువును లండన్ శాస్త్రజ్ఞులు 1990లో గుర్తించారు.

పుట్టినచోటనే అవి ఉండిపోవు. మెల్లగా దిగువకు జరిగి, ఏడవ నెల ప్రాంతంలో గజ్జలోని సన్నని మార్గంలో ప్రవేశించి, సాధారణంగా నెలలు నిండేలోగా ముష్కగోణి అనే తోలుతిత్తిలోనికి చేరుకుంటాయి. వాటికి దారి చూపే తాడువంటి కణజాలాన్ని 18వ శతాబ్దపు బ్రిటిష్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ వర్ణించి, లాటిన్‌లో చుక్కాని అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. గమ్యం చేరినా ఈ పడవ బయలుదేరిన రేవును మరువదు. వృషణానికి రక్తం తెచ్చే ధమని పెద్దయిన తరువాత కూడా పైన, మూత్రపిండాల ధమనులకు కాస్త దిగువనే బృహద్ధమని నుంచి చీలి వస్తుంది. నాడులు కొన్ని ఆ పైనుంచే వస్తాయి. ఈ సంగతితో ముందు పని ఉన్నది.

నెలలు నిండి పుట్టిన మగశిశువులలో నూటికి సుమారు ముగ్గురిలో ఈ ప్రయాణం పూర్తికాదు. వారిలో చాలామందికి కొద్ది నెలల్లో వృషణం దానంతట అదే దిగుతుంది. ఆరు నెలలకు కూడా దిగకుంటే ఆపైన ఆశ తక్కువ. పద్దెనిమిది నెలలలోపు శస్త్రచికిత్సతో దింపడం మేలని నేటి వైద్యుల మాట. ఆలస్యమైతే సంతానశక్తి తగ్గవచ్చు. పెద్దయ్యాక అందులో క్యాన్సరు పుట్టే అవకాశం పెరుగుతుంది. పసివాణ్ణి కాళ్లమీద పడుకోబెట్టుకొని నలుగు పెట్టే అమ్మమ్మ చేతికి ఈ లోపం ముందుగా తెలియవచ్చు. తెలిసినా, ఆమె ఆ మాట ఎవరితో అనాలి?

చల్లని కొలువు

ఇంత విలువైనదానిని ప్రకృతి ఎముకల గూటిలో భద్రపరచక బయట ఎందుకుంచింది? మనిషిలో శుక్రకణాలు చక్కగా తయారు కావాలంటే అక్కడి ఉష్ణోగ్రత శరీరపు వేడికంటె రెండు నుంచి నాలుగు డిగ్రీల సెంటిగ్రేడు తక్కువగా ఉండాలి. చలికి తిత్తి ముడుచుకుంటుంది, వేడికి వదులవుతుంది. లోపలి సిరల అల్లిక ధమనిలోని వెచ్చని రక్తాన్ని చల్లబరుస్తుంది. అయితే ఏనుగుకు అవి కడుపులోనే, మూత్రపిండాల చేరువనే ఉండిపోతాయి. దాని సంతతికి లోటు రాలేదు.

యుక్తవయస్కునిలో వృషణం నాలుగైదు సెంటిమీటర్ల పొడవుంటుంది. అందులో చుట్టలు చుట్టుకొని ఉన్న సన్నని నాళికలను విప్పి పరిస్తే కొన్ని వందల మీటర్లు సాగుతాయి. ఎడమది కుడిదానికంటె కాస్త దిగువగా వేలాడడం ఎక్కువమందిలో సహజం. అది రోగమేమోనని లోలోపల కుమిలిపోవలసిన పని లేదు.

శబ్దంతో చూపు

గర్భస్థ శిశువును శబ్ద తరంగాలతో చూడవచ్చునని గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, అతని సహచరులు 1958లో లోకానికి తెలిపారు. ఆ విద్యే నేడు వృషణాలనూ చూపిస్తున్నది. ఇందులో కోత లేదు, ఎక్స్‌కిరణాలు లేవు. ఆరోగ్యవంతమైన వృషణం తెరమీద కోడిగుడ్డు ఆకారంలో, అంతటా ఒకే తీరు బూడిదవర్ణంతో కనబడుతుంది. దానిచుట్టూ ఉన్న పొర సన్నని తెల్లని గీతగా తోస్తుంది. లోపల ఒక పక్కగా మరొక తెల్లని చార ఉంటుంది. చుట్టూ కొద్దిపాటి ద్రవం ఉండడం సహజమే. వరిబీజంలో ఆ ద్రవమే నల్లని మడుగులా విస్తరిస్తుంది. డాప్లర్ అనే పద్ధతిలో రక్తప్రవాహం రంగులుగా వెలుగుతుంది. వృషణంలో ఆ రంగులు కనబడకపోవడం మహా ప్రమాద సూచన.

అర్ధరాత్రి కడుపునొప్పి

ఆ ప్రమాదం ఇలా వస్తుంది. పదమూడేళ్ల కుర్రవాడు అర్ధరాత్రి కడుపునొప్పి అని లేస్తాడు. వాంతి చేసుకుంటాడు. తల్లి వాము నమిలిస్తుంది. తండ్రి తెల్లవారాక చూద్దామంటాడు. కుర్రవాడు అబద్ధమాడలేదు. వృషణపు నాడులు పైనుంచి వచ్చినవి గనుక నొప్పి పొత్తికడుపులోనూ తెలుస్తుంది. కాని అసలు నొప్పి ఎక్కడ మొదలైనదీ అతడు చెప్పడు. చెప్పడానికి అతని వద్ద మాట లేదు.

లోపల జరిగినదేమిటంటే, వృషణం తన తాడు మీద తానే మెలితిరిగి రక్తం అందక విలవిలలాడుతున్నది. ఏ వయసులోనైనా ఇది రావచ్చును. బాల్యం దాటే వయసులో ఎక్కువ. ఆరు గంటలలోపు శస్త్రవైద్యుడు ఆ మెలిక విప్పితే వృషణం సాధారణంగా దక్కుతుంది. ఒక రోజు గడిస్తే దక్కడం అరుదు. లక్షణాలు స్పష్టంగా ఉన్నప్పుడు స్కానింగు కోసం కూడా ఆగరు. నేరుగా ఆపరేషన్ చేస్తారు. రెండవదీ మెలితిరగకుండా కుట్టువేసి నిలుపుతారు.

తెల్లవారేదాకా ఆగిన ఇంట్లో మందూ ఉన్నది, ప్రేమా ఉన్నది. కొరవడినది ఒక్క మాట. అది సంస్కృతమే కానక్కరలేదు. ఇంట్లో వాడదగినది ఏదైనా సరే, కంటినీ ముక్కునూ చూపి నేర్పినంత మామూలుగా మూడేళ్ల బిడ్డకు స్నానం చేయిస్తూ నేర్పవచ్చు. అలా నేర్చుకున్న పిల్లవాడు పదేళ్ల తరువాత ఏ అర్ధరాత్రో లేచినప్పుడు, నొప్పి ఎక్కడో తండ్రికి చెప్పగలుగుతాడు.