తెగిన పలుపు

యుద్ధవిద్యల మాట యెత్తగానే మన వామపక్ష మిత్రులు కొందరు మొగం చిట్లిస్తారు. అవి దొరల తాలింఖానాల్లో పెరిగాయనీ, వీరపూజ నేర్పుతాయనీ వారి అనుమానం. అందులో నిజం లేకపోలేదు. నేను ఏడేళ్లుగా కరాటే సాధన చేస్తున్నాను. నడుముకు కట్టిన పట్టీ రంగును బట్టి మనుషుల దర్జా మారటం చూస్తూనే వున్నాను. (మన కళాశాలల్లో బిరుదులను బట్టి మారటం లేదా అంటే, అదీ వుంది.) అయినా కెనడా ఆదివాసులైన క్రీ ప్రజల “ఒకిచితావ్” గురించి చదివాక, యీ విషయాన్ని అంత తేలిగ్గా తోసెయ్యలేమనిపించింది.

పిడికిలి బిగించటం వొక్కరోజులో వస్తుంది. ఆ దెబ్బను నడుములోంచి తియ్యటానికి నాకు నాలుగేళ్లు పట్టింది. పుస్తకం చదివితే రాదు. చేసేవాణ్ణి చూసి, వాడిచేత తిట్లు తిని, మోకాళ్లు వణికేదాకా వంగి నేర్చుకోవాలి. పద్యం వ్రాతప్రతిలో పడివుండి రెండువందల యేళ్ల తర్వాతనైనా బయటపడవచ్చు. వొంటి విద్యకు ఆ అదృష్టం లేదు. వొక్క తరం నేర్చుకోకపోతే అది పోయినట్లే.

క్రీల విషయంలో ఆ తరాలను తెంపింది కాలం కాదు, ప్రభుత్వం. 1885 తిరుగుబాటు అణచివేశాక, నవంబరు 27న బాటిల్‌ఫోర్డులో ఎనిమిదిమంది ఆదివాసులను వొకేసారి వురితీశారు. వారిలో ఆరుగురు క్రీలు. దగ్గరి పాఠశాలలోని ఆదివాసి పిల్లలను తీసుకొచ్చి ఆ దృశ్యం చూపించారు. 1895లో వారి క్రతువులపై నిషేధం బిగించారు. 1951 దాకా అది తొలగలేదు. లక్షా యాభైవేలమందికి పైగా ఆదివాసి పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరుచేసి వసతి పాఠశాలల్లో వేశారు. తాతనుంచి మనుమడికి చెయ్యి అందని యేర్పాటు అది.

మానిటోబాలో పెరిగిన జార్జ్ లెపీన్, మైదానపు క్రీల పోరాట పద్ధతులను కూర్చి ఒకిచితావ్ అనే విద్యగా రూపొందించాడు. తుపాకి మడమ ఆకారంలో చెక్కిన దుడ్డుకర్ర అందులో ముఖ్యాయుధం. అయితే ఆయన జూడో, తైక్వాండో కూడా నేర్చినవాడు.

“మేష్టారూ, జూడో తెలిసినవాడు కూర్చింది క్రీ విద్య యెట్లా అవుతుందండీ?” అని మా విద్యార్థి వొకడు అడిగాడు.

జూడో మాత్రం అనాదిది కాదు. పాత జుజుత్సులోంచి కానో జిగోరో దాన్ని 1882లో తీర్చాడు. ఒకినావా ద్వీపపు కరాటే పేరును “చీనా చెయ్యి” అనే అర్థంవచ్చే అక్షరాలతో రాసేవారు. జపాన్ సైనికవాదం ముదిరిన 1936లో అక్కడి గురువులు నాహాలో సమావేశమై “వట్టి చెయ్యి” అనే అక్షరాలను ఖాయంచేశారు. ఆ విద్యల శుద్ధిని యెవరూ శంకించరు. వోడినవాడినే శుద్ధి చూపించమంటారు! తెగిన పలుపును ముడివేస్తే ముడి కనబడుతుంది. కనబడనీ.

ఇది పునరుద్ధరణవాదం కాదా అన్నది అంతకంటె గట్టి ప్రశ్న. ఒకిచితావ్ అనే క్రీ మాటకు యోధుడని అర్థం చెబుతారు. కాని మైదానపు క్రీలలో ఆ గౌరవం పొందినవాడు పోరాడితే చాలదు. తనకున్నది లేనివాళ్లకు పంచాలి. దుడ్డుకర్ర తిప్పటం కుర్రవాళ్లు యెట్లాగూ నేర్చుకుంటారు. ఆ రెండో పనిని కూడా సాధనలో చేర్చుకుంటున్నారా అన్నదే నేను అడగదలచింది.