కొన్ననాటి మాట, అమ్మిననాటి మౌనం



ఈ వారం ధ్యానం కొంచెం వేరుగా ఉంటుంది. మన మందిరంలో నాలుగేళ్ళు మోగిన పాత బేస్ గిటారు గురించి రాస్తున్నాము. దాన్ని కొన్ననాడు బేరమాడింది మేమే, అమ్మిననాడూ మేమే. ఆ రెండు రోజుల్లో మేము అన్నదీ, అనకుండా దాచుకున్నదీ సంఘ పెద్దల ముందు ఇప్పటికే ఒప్పుకున్నాము. అయితే ఊరు విడిచి హైదరాబాదులో, గల్ఫులో ఉండి ఇవి చదువుకునే మన బిడ్డలు కూడా దాన్ని కొనడానికి కానుకలు పంపారు. వాళ్ళకీ తెలియాలి.

ముందు కొన్న సంగతి. మన క్వయర్‌కి కీబోర్డు ఉంది, ప్యాడ్లున్నాయి, డోలక్ ఉంది. అయినా పాట పైపైనే తేలిపోయేది. బేస్ కావాలని కుర్రవాళ్ళు అడిగితే ఒక పెద్దాయన, "ఆరు తీగల గిటారు మనకుండగా నాలుగు తీగలదానికి అంత డబ్బెందుకు అయ్యగారూ?" అన్నారు. సబబైన ప్రశ్నే. మామూలు గిటారులో లావుగా ఉండే నాలుగు తీగల స్వరాలనే బేస్ ఒక స్థాయి కిందికి దించి పలుకుతుంది. దాని లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ మోత చెవికంటే ముందు అరికాళ్ళకు తెలుస్తుంది. పూర్వం ఈ పని మనిషెత్తు ఉండే డబుల్ బేస్ చేసేది. అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన 1951లో, భుజానికి తగిలించుకుని వాయించే ఎలక్ట్రిక్ బేస్‌ని అమ్మకానికి తెచ్చాడు. వేలు ఎక్కడ పెట్టాలో తప్పిపోకుండా ఫ్రెట్లు పెట్టాడు కాబట్టి దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు. అప్పటి 34 అంగుళాల తీగ కొలతే ఈనాటికీ చాలా బేస్‌లకు ఉంది.

విజయవాడలో ఒక తమ్ముడు తన బేస్ అమ్ముతున్నాడని తెలిసి, మన బేస్ కుర్రాడిని వెంటబెట్టుకుని వెళ్ళాము. ఆ తమ్ముడు దాన్ని పాత దుప్పట్లో చుట్టి మంచం మీద పడుకోబెట్టి ఉంచాడు. తొమ్మిది వేలు చెప్పాడు. మేము అడగకముందే లోపాలు కూడా తనే చెప్పాడు. "వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటుందండీ. రెండో ఫ్రెట్ కొంచెం అరిగింది. ఇది యాక్టివ్ బేస్, లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. వాయించడం అయ్యాక కేబుల్ పీకెయ్యాలి. అలాగే ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది."

అతను నిజం చెప్పాడు. ఆ నిజాన్నే పట్టుకుని మేము ధర తగ్గించాము. నాబ్ పాడైందిగా అన్నాము. ఫ్రెట్ పోయిందిగా అన్నాము. పెయింటు లేచిందనీ, మోడల్ పాతదనీ, తీగలు తుప్పు పట్టాయనీ లేనివి కూడా చేర్చాము. చివరికి "దేవుని పని కదా బాబూ" అన్నాము. ఏడు వేలకు ఇచ్చేశాడు. బస్సెక్కాక మా కుర్రాడితో, "పది వేలు పెట్టినా దొరకదురా ఇది!" అన్నాము. వాడు నవ్వాడు, మేమూ నవ్వాము.

సామెతల గ్రంథం ఇరవయ్యో అధ్యాయంలో కొనేవాడి గురించి ఒక మాట ఉంది, పద్నాలుగో వచనం. మీ బైబిలు తెరిచి చదువుకోండి. ఆ రోజు బస్సులో కూర్చున్నది మేమేనని మీకే తెలుస్తుంది. దాని మీద రెండుసార్లు ప్రసంగించాము కూడా, సంతలో ఎడ్ల బేరాలను ఉదాహరణగా చెప్పి.

బేస్ వచ్చాక మన పాట నేల మీద నిలబడింది. మందిరం మీది హారన్‌లో బేస్ మోత వినబడదు కాబట్టి చిన్న ఆంప్ కూడా కొన్నాము. మహాసభలకు వెళ్ళినప్పుడు స్టేజీ వెనుక బేస్ వాయించేవాళ్ళంతా ఒకచోట చేరేవారు. మేము కూడా టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడేవాళ్ళం. వాళ్ళ మాటలు రైతుల మాటల్లాగే ఉంటాయి. వీళ్ళకి విత్తనం బదులు తీగ. చుట్టు నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ మంచిదా, గరుకుగా ఉండి గణగణలాడే రౌండ్‌వౌండ్ మంచిదా? యాక్టివ్ మేలా, బ్యాటరీ గొడవ లేని పాసివ్ మేలా? తీగలు మొద్దుబారితే నీళ్ళలో మరిగిస్తే కొన్నాళ్ళు మళ్ళీ మోగుతాయని ఒకరు చెప్తే, మా కుర్రాడు వచ్చి అమ్మగారి అన్నం గిన్నెలోనే మరిగించాడు. ఆ పూట మా ఇంట్లో అన్నం ఆలస్యమైంది. కానీ తీగలు మోగాయి.

ఇక తప్పు దగ్గరికి వస్తాము. గిటారు నెక్ లోపల ట్రస్ రాడ్ అని ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. నాలుగు లావు తీగలు నెక్‌ని ఎప్పుడూ ముందుకు లాగుతుంటాయి. ఆ కడ్డీ వాటికి ఎదురు నిలబడుతుంది. చెక్క కాబట్టి వానాకాలం తేమకు ఒకలా, ఎండలకు ఒకలా కదులుతుంది. అప్పుడు కడ్డీ చివర అలెన్ కీ పెట్టి, కొంచెం కొంచెంగా తిప్పి సరిచేసుకోవాలి. రెండేళ్ళ కిందట వానల్లో నెక్ వంగి తీగలు పైకి లేచాయి. కుర్రాడు, "తెలిసినవాళ్ళకి చూపిద్దాం అయ్యగారూ" అన్నాడు. మేము ఆగలేదు. బండి మెకానిక్ దగ్గర అలెన్ కీ అడిగి తెచ్చి మేమే తిప్పాము. అది మిల్లీమీటర్ల కీ, కావలసింది అంగుళాల కొలతది. కొంచెం వదులుగా ఉందని తెలిసి కూడా బలం పెట్టాము. లోపల మూలలు అరిగిపోయి, కీ ఉత్తినే తిరగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నెక్ అలాగే ఉండిపోయింది. మధ్య ఫ్రెట్ల దగ్గర తీగ వేలికి అందనంత ఎత్తు. మా కుర్రాడు మొదటి అయిదు ఫ్రెట్లలోనే పాటలన్నీ సర్దుకుని వాయించాడు. ఒక్క మాట అనలేదు.

పోయిన సంవత్సరం దుబాయిలో ఉన్న మన విశ్వాసి ఒకరు కొత్త బేస్ బహుమానంగా పంపారు. పాతది అమ్మి, వచ్చిన డబ్బుతో పెద్ద ఆంప్ కొనాలని అనుకున్నాము. మెట్టప్రాంతం నుండి ఒక చిన్న సంఘం కాపరి వచ్చారు, మాకంటే చాలా చిన్నవారు. వాళ్ళ సంఘంలో స్త్రీలు పిడికెడు బియ్యం తీసిపెట్టి, వాటిని అమ్మి కూడబెట్టిన అయిదు వేలు తెచ్చారు. ఇంటర్ చదివే ఒక అమ్మాయి బేస్ నేర్చుకోవాలని ఆశపడుతోందట.

ఆయన రాకముందే మేము మా కుర్రాడితో అన్నాము: "వాయించి చూపించు. అయిదో ఫ్రెట్ దాటకు."

ప్రియులారా, ఈ మాట ఇక్కడ రాయడానికి మూడు రోజులు పట్టింది.

వాడు దాటలేదు. ఆ కాపరి సంతోషించారు, ప్రార్థన చేయించుకున్నారు, భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. మేము అబద్ధం చెప్పలేదని మనసుకు సర్దిచెప్పుకున్నాము. ఆయన అడగలేదు, మేము చెప్పలేదు, అంతే అనుకున్నాము. కుర్రాడి చేతిలో అయిదు వందలు పెట్టి ఖర్చులకు ఉంచుకోమన్నాము.

నెల తిరగకుండానే ఆ కాపరి ఫోన్ చేశారు. ఫిర్యాదు చేయడానికి కాదు. "అయ్యగారూ, మా పాప రోజూ సాధన చేస్తోంది. పైకి వెళ్తే తీగ నొక్కలేకపోతోంది. వేళ్ళు పొక్కిపోయాయి. ఆడపిల్ల కదా, బలం చాలడం లేదేమో. వేళ్ళు గట్టిపడాలంటే ఏం చెయ్యాలో మీ తమ్ముడిని అడిగి చెప్పండి" అన్నారు.

"మెల్లగా అలవాటవుతుందిలెండి" అన్నాము. మౌనం చాలక, ఇప్పుడు అబద్ధం కూడా అయ్యింది.

ఆ మాట పక్కనే ఉన్న మా కుర్రాడు విన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అయిదు వందల నోటు బల్ల మీద పెట్టాడు. "ఇది నాకొద్దు అయ్యగారూ. ఆ అమ్మాయి వేళ్ళు..." అని ఆగిపోయాడు. కొన్ననాడు బస్సులో మాతో కలిసి నవ్విన పిల్లాడే వాడు. బేరమంటే ఇలా ఉంటుందని వాడికి నేర్పింది మేము. మేము నేర్పిన దాన్ని వాడు తీసుకోలేదు. దేవునికి స్తోత్రం.

వాడు వెళ్ళాక అమ్మగారు వంటింట్లోంచే అన్నారు. "మా నాన్న తన్నే గేదెని తన్నుతుందని చెప్పే అమ్మేవాడండీ. ఆయనకి బాప్తిస్మం కూడా లేదు."

మరునాడు కుర్రాడిని బండి వెనుక ఎక్కించుకుని మెట్టకు వెళ్ళాము. ఆ కాపరి ముందు, ఆ అమ్మాయి ముందు, టీ తెచ్చిన ఆమె తల్లి ముందు జరిగినదంతా చెప్పాము. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆ అమ్మాయి మాత్రం తన వేళ్ళ వైపు చూసుకుని, "అయితే తప్పు నా వేళ్ళది కాదా అండీ?" అంది.

ఒక నెలంతా ఆ బిడ్డ తనలోనే లోపం ఉందనుకుంది. వస్తువులో ఉన్న లోపాన్ని మనం దాచిపెడితే, అది కొన్నవాళ్ళ ఒంట్లోకి వెళ్ళి కూర్చుంటుందని ఆ రోజు చూశాము.

బేస్‌ని విజయవాడలో బాగుచేసే ఆయనకు చూపించాము. అరిగిన గుంటలోకి కొంచెం పెద్ద బిట్‌ని మెల్లగా తట్టి బిగించి, తీగలు వదులుచేసి తిప్పాడు. కడ్డీ కదిలింది. తొమ్మిది వందలు తీసుకున్నాడు. అది మేము ఇచ్చుకుని, అయిదు వేలలో రెండు వేలు కూడా వాళ్ళకు తిరిగి ఇచ్చాము. మొదట అమ్మిన తమ్ముడి నంబరు కలవలేదు. ఆయనకు చెల్లించవలసిన మాట మా మీద ఇంకా బాకీగానే ఉంది.

మీలో చాలామంది సంఘాలకు పాత వాయిద్యాలు కొంటుంటారు, అమ్ముతుంటారు. కాబట్టి నేర్చుకున్నది చెప్తాము. బేస్ కొనేముందు ఒక తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, నెక్ బాడీకి కలిసే చోటి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద సన్నని సందు, ఇంచుమించు విజిటింగ్ కార్డు మందం, ఉంటే మంచిదే. ఎక్కువగా ఉంటే ట్రస్ రాడ్ తిరుగుతుందో లేదో అడగండి. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీదా మోగించండి. నాబ్‌లన్నీ తిప్పండి. కేబుల్ కదిపి చూడండి.

ఎవరి దగ్గర నుండి వచ్చిందో కూడా అడగండి. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొనుక్కున్న హాఫ్‌నర్ బేస్ 1972లో లండన్‌లో దొంగతనానికి గురైంది. అర్ధశతాబ్దం తర్వాత ఒక ఇంటి అటక మీద దొరికి యజమానిని చేరిందని 2024లో లోకమంతా విన్నది. దాచిన వస్తువు అంతకాలం మోగకుండా పడి ఉంది.

అమ్మేటప్పుడు మాత్రం ఒక్కటే. కొనేవాడు అడగకముందే, అయిదో ఫ్రెట్ దాటి వాయించి చూపించండి.

పోయిన ఆదివారం ఆ సంఘం వాళ్ళు ఒక రికార్డింగు పంపారు. పాట చివర బేస్ పైకి వెళ్ళి, కొంచెం తడబడి, మళ్ళీ కిందికి దిగింది. మా కుర్రాడు విని, "ఏడో ఫ్రెట్ అయ్యగారూ" అన్నాడు.

మా కోసం ప్రార్థించండి. ప్రభువు కృప మీకు తోడై యుండును గాక. ఆమేన్.