చీకటి తెర

మనిషిని ముఖం చూసి అంచనా కట్టరాదని పెద్దలు చెబుతారు. యంత్రాల విషయంలో మాత్రం మనం ఆ మాట పాటించము. తెర వెలగకపోతే చాలు, కంప్యూటరు చెడిపోయినదని తీర్పు చెప్పి మూలన పడవేస్తాము. తెర వేరు, కంప్యూటరు వేరు అన్న చిన్న సత్యాన్ని నేను మదనపల్లె, పుంగనూరు, కుప్పం అనే మూడు ఊళ్ల నడుమ ఒక చిన్న యంత్రాన్ని మోసుకొని తిరిగి గ్రహించాను. ఆ అనుభవం తోటి విద్యార్థులకు ఉపకరించవచ్చునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ యంత్రం పేరు రాస్ప్‌బెర్రీ పై. విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం చదువ వచ్చే పిల్లలలో స్వయంగా ప్రోగ్రాము వ్రాయగలవారు తగ్గిపోతున్నారని గమనించి, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్ ప్రభృతులు దీనిని సంకల్పించారు. 2012 ఫిబ్రవరి 29న మొదటి బోర్డు 35 డాలర్ల ధరకు వెలువడినది. పుంగనూరు ఆవు వలె ఆకారం చిన్నది, అరచేతిలో ఇముడుతుంది. దీనికి సొంత తెర లేదు, కీబోర్డు లేదు. ఇంటిలోని టెలివిజనే దానికి ముఖం. వేలెడంత మెమరీ కార్డు దానికి జ్ఞాపకశక్తి. మా ప్రయోగశాలలో ఉన్నది 2019లో వచ్చిన నాలుగవ తరం బోర్డు.

సెలవులలో ఇంటివద్ద పని చేసుకొనుటకు అధ్యాపకులు దానిని నాకు ఇచ్చారు. ఆ పని ఏమనగా, మా ఇండ్లలో పలికే దక్కనీ మాటలకు తెలుగు అర్థాలతో ఒక పట్టిక తయారుచేయడం. దస్తావేజు, రాజీనామా, జవాబు, ఖరీదు అంటూ మనమంతా రోజూ తెలుగులో వాడే మాటలు ఫారసీ, అరబ్బీల నుండి వచ్చినవే. మరాఠీలోని 'నకో' మా ఇళ్లలో 'నక్కో' అయి కూర్చున్నది. 1919లో రవీంద్రనాథ ఠాగూరు జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించినది మదనపల్లెలోనే గనుక, ఒక భాషను మరొక భాషకు పరిచయం చేసే పని ఈ సీమకు కొత్త కాదు. పుంగనూరులో మా నానీ మంచంమీద కూర్చొని ఒక్కొక్క మాట చెబుతుంటే, నేను టెలివిజన్ ముందు కూర్చొని టైపు చేసేవాణ్ణి. వంటింటి మాటలు, పెళ్లి మాటలు, పిల్లలను కసిరే మాటలు, ఇప్పుడెవరూ వాడని కొలతల పేర్లు కూడా ఆ పట్టికలో చేరినవి. పని సగంలో ఉండగానే ఆమె కన్నుమూశారు.

నలభై దినాలు గడిచిన పిమ్మట మరల బోర్డును అమర్చితే తెరమీద ఏమీ కనిపించలేదు. సంకేతం లేదన్న మాట ఒకటి క్షణకాలం కనబడి, పిదప అంతా చీకటి. ఆ చెప్పిన మనిషి లేదు. చెప్పిన మాటలన్నీ ఆ కార్డులోనే ఉన్నవి. పొరుగింటి టెలివిజన్‌కు తగిలించి చూచినా అదే చీకటి. చూచినవారందరూ బోర్డు కాలిపోయినదని తేల్చారు. ఒకరు కార్డును తుడిచివేసి అంతా కొత్తగా ఎక్కించుమని సలహా ఇచ్చారు. ఆ సలహా వింటేనే నా గుండె జారినది.

కుప్పంలో మా మామూ పాతికేళ్లకు పైగా టెలివిజన్లు బాగుచేస్తున్నారు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ పథకం మొదలుపెట్టినప్పుడు, పల్లె సమాచార కేంద్రాలలోని కంప్యూటర్లను వింతగా చూచి వచ్చిన తరం ఆయనది. పలమనేరు, వెంకటగిరికోట మీదుగా బస్సులో ఆయన వద్దకు వెళ్లాను. ఆయన బోర్డును ముట్టుకోకముందే, "బేటా, లోపల ప్రాణం ఉన్నదా లేదా, ముందు అది చెప్పు. బొమ్మ సంగతి తర్వాత" అన్నారు. పాత టెలివిజన్‌లో బొమ్మ లేకున్నా శబ్దం వినిపిస్తే, కరెంటు అందుతున్నదనీ, లోపం బొమ్మ గీసే భాగంలో ఉన్నదనీ అర్థమట. ఇక్కడ శబ్దానికి బదులు దేనిని చూడాలో నేను చెప్పాను. ఏ వరుసలో చూడాలో ఆయన చెప్పారు.

మొదటిది విద్యుత్తు. ఈ బోర్డుకు 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టరు కావలెను. వోల్టేజి సుమారు 4.63 కంటె దిగజారితే బోర్డుమీది ఎర్రదీపం ఆరిపోతుంది. మా దీపం నిలకడగా వెలుగుతున్నది.

రెండవది కార్డు. పచ్చదీపం అసలు మిణుకుమనకపోతే కార్డు చదవబడుట లేదని అనుమానించాలి. లెక్కపెట్టినట్లు నాలుగుసార్లు మిణికి ఆగి, మరల నాలుగుసార్లు మిణికితే ప్రారంభ ఫైలు దొరకలేదని అర్థం. ఏడుసార్లయితే కెర్నెల్ దొరకలేదని అర్థం. మా పచ్చదీపం ఏ లెక్కా లేకుండా చకచక మిణుకుతున్నది. అనగా కార్డును చదువుతున్నది.

మూడవది ప్రాణం. కీబోర్డులో నమ్‌లాక్ మీట నొక్కితే దాని దీపం వెలిగి, మరల నొక్కితే ఆరినది. లోపలివారు పలకనిదే ఆ దీపం మారదు. మామూ నవ్వి, "మనిషి బాగానే ఉన్నాడు, తలుపే తెరుచుకోలేదు" అన్నారు.

తలుపు కాకపోతే కిటికీ. మా ప్రయోగశాలలో ఈ బోర్డును నెట్‌వర్కు ద్వారా మరొక కంప్యూటరు నుండి నడిపే ఏర్పాటు ముందే చేసి ఉంచారు. మామూ కుమారుని లాప్‌టాప్ నుండి దానిలో ప్రవేశించాను. మరమ్మతు సంగతి అలా ఉంచి, ముందు సొమ్ము బయటకు తీయుమన్నారు మామూ. పట్టికను లాప్‌టాప్‌లోకి ఎక్కించుకొని తెరిచి చూస్తే, నానీ చివర చెప్పిన మాట వరకు అంతా క్షేమంగా ఉన్నది. కొంతసేపు మా ఇద్దరికీ మాట రాలేదు. నానీ నాకు అమ్మమ్మ అయితే, ఆయనకు అమ్మ కదా!

తరువాత లోపాన్ని వెదికాము. నీకు తెర తగిలించి ఉన్నదా అని బోర్డునే ఆజ్ఞ ద్వారా అడిగితే, ఏ తెరా లేదని సమాధానం వచ్చినది. హెచ్.డి.ఎం.ఐ. తీగలో బొమ్మను మోసే తీగలతో పాటు, హాట్‌ప్లగ్ అనే సన్నని తీగ ఒకటి ఉంటుంది. కనెక్టరులో 19వది. 'నేనున్నాను' అని తెర బోర్డుకు తెలిపేది దానిద్వారానే. ఆ కబురు అందనప్పుడు బోర్డు ఆ మార్గాన బొమ్మ పంపదు. టెలివిజన్ మార్చినా ఫలితం లేదు గనుక, అనుమానం బోర్డుకూ తీగకూ నడుమ ఉంచిన చిన్న కన్వర్టరు మీదికి పోయినది. కార్డులోని కాన్ఫిగ్ ఫైలులో, కబురు రాకపోయినా తెర ఉన్నట్లే భావించుమని ఒక్క పంక్తి చేర్చి, బోర్డును మరల ప్రారంభించాము. బొమ్మ వచ్చినది! మా కార్డులో ఉన్నది పాత కూర్పు కాబట్టి ఆ పంక్తి పనిచేసినది. 2021 తర్వాతి కూర్పులలో ఇదే సంగతిని సి.ఎం.డి.లైన్ అనే ఫైలులో వేరొక రీతిగా వ్రాయవలెను. మదనపల్లె చేరిన పిమ్మట కన్వర్టరు తీసివేసి, నేరుగా సరిపోయే తీగ తగిలించి, ఆ పంక్తిని తొలగించి చూచాను. బొమ్మ నిలిచినది. దోషి ఎవరో రుజువైనది.

కళాశాల కార్యవర్గం వారికి ఒక మనవి. ప్రతి బోర్డుతోను ఒక అదనపు తీగ, సరియైన అడాప్టరు, దీపాల భాష వ్రాసిన ఒక కాగితం ఉంచగలిగితే, చెడిపోయినవని మూలన పడవేసిన వాటిలో కొన్నయినా మరల పనికివస్తాయి. మిత్రులకు ఒక మాట. మన ఇళ్లలో మాటలు తెలిసిన ముసలివారు ఇంకా ఉన్నారు. వారు చెప్పినది వ్రాసుకోండి. వ్రాసుకొన్నది రెండు చోట్ల దాచుకోండి. ఆ పట్టికలో ఇంకా సగం పని మిగిలి ఉన్నది. దానిని పూర్తి చేయుటకు ఇప్పుడు మామూ ఆదివారాలలో కుప్పం నుండి ఫోనులో మాటలు చెబుతున్నారు.