కమాను కట్ట

కమాను అనే మాట మనకు పారసీకం నుంచి వచ్చింది. అక్కడ దానికి విల్లు అని అర్థం. తెలుగులో అడుగుపెట్టిన తరువాత అది వీధిద్వారం మీది వంపు అయింది, వయొలిన్ వాయించే కమాను అయింది, బండ్ల కింద దొంతరగా బిగించే ఉక్కుపట్టీల కట్ట కూడా అయింది. ముప్పై మూడేళ్ళు తెలుగు పండితుడిగా పాఠాలు చెప్పినవాణ్ణి గనుక మొదటి రెండు అర్థాలూ నాకు కొత్త కాదు. మూడవ అర్థం మాత్రం అరవై ఆరవ ఏట, ఆటోనగరులో ఒక రేకుల షెడ్డు కింద నిలబడి నేర్చుకున్నాను. ఆ పాఠం కాస్త ఆలస్యంగా అందింది. అందుకే ఈ టపా.

మాకొక ప్రీమియర్ పద్మిని ఉన్నది. ఇటలీ వారి ఫియట్ 1100ను బొంబాయి కుర్లాలో తయారుచేస్తూ, 1974లో చిత్తోడు రాణి పేరు పెట్టారే, ఆ బండి. మాది ఆ మొదటి సంవత్సరానిదే. నేను 1996లో, మూడవ చేతి బండిగా, భవిష్యనిధి నుంచి అప్పు తీసి కొన్నాను. నల్లగొండ జిల్లాలో నేను పనిచేసిన ఊళ్ళన్నీ అది తిరిగింది. పదవీ విరమణ తరువాత మాతోపాటే కొండాపురంలోని మా అబ్బాయి ఫ్లాటుకు వచ్చి, సెల్లారులో దుమ్ము కప్పుకొని కూర్చున్నది. మా అబ్బాయి మాదాపూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. పాత కార్ల మీద మమకారం ఉన్న మిత్రులు వాడికి ఆఫీసులోనే అరడజను మంది ఉన్నారు.

2022లో మా ఆవిడకు వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగింది. ప్రయాణాలు చేయవచ్చు గానీ కుదుపులు తగలరాదు అన్నారు వైద్యులు. మూడేళ్ళపాటు ఆమె అబ్బాయి కొత్త కారులోనే తిరిగింది. 2025 సంక్రాంతికి మాత్రం, "మన బండిలో ఒక్కసారి వెళ్దామండీ" అన్నది. వెళ్ళాము. కొత్తగూడ దగ్గర ఒక స్పీడు బ్రేకరు దాటుతున్నప్పుడు అద్దంలో చూశాను. వెనుక సీటులో ఆమె రెండు చేతులూ సీటుకు ఆనించి, నడుమును పైకెత్తి పట్టుకొని ఉన్నది. మాట మాత్రం అనలేదు. మరో రెండు బ్రేకర్లు దాటేసరికి నేను బండి వెనక్కు తిప్పాను.

ఆ రాత్రి మా వాడొక పరిష్కారం చెప్పాడు. వెనుకవైపు కమాను కట్టలు తీసివేసి కాయిలోవర్లు బిగించాలట. అంటే షాకబ్జరు చుట్టూ చుట్టస్ప్రింగు తొడిగిన జత. ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఒక మిత్రుని వద్ద వాడని జత ఉన్నది. స్ప్రింగు నాలుగు కిలోలది.

"నాలుగు కిలోల బరువా?" అన్నాను.

"కాదు నాన్నా. ఒక మిల్లీమీటరు కుంగడానికి నాలుగు కిలోల బరువు కావాలి. దాన్నే రేటు అంటారు."

బరువు ఎంత పెరిగితే సాగుడు అంత పెరుగుతుందని రాబర్ట్ హుక్ 1678లో చెప్పిన సూత్రమే ఇది. 40 కిలోలు పెడితే 10 మిల్లీమీటర్లు, 80 పెడితే 20. స్థితిస్థాపకత అని సామాన్యశాస్త్రం మాస్టారు బోర్డు మీద వ్రాస్తుంటే పక్క తరగతిలో నేను ఛందస్సు చెప్పుకునేవాణ్ణి. వంచినది తన స్థితిని తాను మళ్ళీ స్థాపించుకోవడం! ఆ పదం కూర్చినవారెవరో గానీ చేతులు జోడించాలి.

అయితే నాలుగే ఎందుకు? రెండు ఎందుకు కాదు? ఈ ప్రశ్న వేసినందుకు మా వాడు సంతోషించి, నాకొక చిన్న లెక్క నేర్పాడు. బండి బరువుకు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు కుంగుతుందో చూడాలి. ఆ సంఖ్యకు వర్గమూలం కట్టి, దానితో అయిదును భాగించాలి. వచ్చినది ఆ బండి సెకనుకు ఎన్నిసార్లు పైకీ కిందికీ ఊగుతుందో చెబుతుంది. సాధారణమైన కార్లకు అది ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఉంటుంది. ఒకటికి బాగా తగ్గితే ఊయలలా ఊగి కడుపులో తిప్పుతుంది. రెండు దాటితే పందెం కార్ల దారి పడుతుంది. రోడ్డు మీది గతుకు యథాతథంగా నడుముకు చేరుతుంది.

అంటే ప్రతి బండికీ ఒక లయ ఉన్నదన్నమాట. ఇంకొక విశేషం. ముందు చక్రాలు గతుకెక్కిన తరువాత కాసేపటికి గానీ వెనుక చక్రాలు ఎక్కవు. పద్మినికి ఆ రెంటి మధ్య దూరం 2.34 మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో అయిదోవంతు సెకను ఆలస్యం. ఆలస్యంగా మొదలైన వెనుకభాగం ముందుభాగాన్ని అందుకోవాలంటే దాని ఊపు కొంచెం చురుకుగా ఉండాలి. లేకపోతే బండి ముందుకూ వెనక్కూ తూగుతుంది. జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఆలీ అనే ఆంగ్లేయుడు 1930లలో దీన్ని తేల్చాడట. నాకు యతిమైత్రి గుర్తుకు వచ్చింది. పాదం మొదట పడిన అక్షరానికి మధ్యలో సమాధానం కుదరాలి. కుదరకపోతే చెవికి తెలిసిపోతుంది.

మరునాడు బండిని ధర్మకాటా మీదికి ఎక్కించాము. మొదట మొత్తం, తరువాత వెనుక చక్రాలు మాత్రం. వెనుక 410 కిలోలు చూపింది. లారీలు తూచే కాటా గనుక అయిదో పదో అటూ ఇటూ అనుకోవచ్చు. అందులో ఇరుసు, చక్రాలు స్ప్రింగుల మీద కూర్చునేవి కావు. వాటికి అంచనాగా 90 తీసివేస్తే 320. ఒక్కొక్క పక్కకు 160. నేను నడుపుతూ, మా ఆవిడ, ఆమె చేతిసంచి వెనుక ఉంటే 180 దాకా. అయిదుగురూ సామానూ నిండితే 240.

ఇక గుణకారాలు. నాలుగు కిలోల స్ప్రింగు 180 కిలోలకు 4.5 సెంటీమీటర్లు కుంగుతుంది. లయ 2.36. నిండు బరువులో కూడా రెండుకు దిగదు. అదే రెండు కిలోల స్ప్రింగు అయితే 9 సెంటీమీటర్లు కుంగి 1.67 వద్ద నిలుస్తుంది. నిండు బరువుకు 12 సెంటీమీటర్లు, లయ 1.44.

"మరి నాలుగు ఎవరికిరా?" అని అడిగాను.

వాడు కాసేపు ఆలోచించి, "వాళ్ళు బండిని కిందికి దించి, మలుపుల్లో ఒరగకుండా నడుపుతారు నాన్నా. వెనుక ఎవరూ కూర్చోరు" అన్నాడు.

స్ప్రింగు చుట్ట ఒకటి కోసి మెత్తబరచుకోవచ్చు గదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అది తలకిందుల మాట. చుట్టలు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. పనిచేసే చుట్టలు ఎనిమిది నుంచి ఏడుకు తగ్గితే రేటు ఏడోవంతు పెరుగుతుంది. తీగ మందమైతే చెప్పనక్కరలేదు, నాలుగవ ఘాతంలో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13 వాడితే మూడోవంతు కంటె ఎక్కువే బిగుసుకుంటుంది.

సరే, రెండు కిలోల స్ప్రింగులే దొరికించుకుందామని నిశ్చయించి, బండిని ఆటోనగరులో ఒక మేస్త్రీ వద్దకు తీసుకువెళ్ళాము. మా వాడు ఆయనను ఉస్తాద్ అంటాడు. కమాను కట్టల పని తండ్రి నుంచి నేర్చుకున్నాడట. మా కాగితాలు ఆయన చూడలేదు.

"సార్, బండిల ఎవరు కూసుంటరు? ముందు అది చెప్పుండ్రి" అన్నాడు.

చెప్పాను. ఆయన బండి కిందికి దూరాడు. కాసేపటికి లోపలి నుంచే, "ఈ పట్టీ ఎవరు పెట్టిచ్చిండ్రు సార్? ఇది ఈ బండిది కాదు" అన్నాడు.

నాకు గొంతు పెగలలేదు. ఇరవై ఆరేళ్ళుగా మరచిపోయిన సంగతి ఒక్క క్షణంలో ఎదుటికి వచ్చింది.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. ఆ గుండ్రని భవనాన్ని చూడాలని ఊరూవాడా ముచ్చటపడిన రోజులవి. 1999 వేసవిలో మా అమ్మ, మా పిల్లలు, మా బావమరిది కుటుంబం, వెరసి ఎనిమిదిమందిమి ఆ ఒక్క పద్మినిలో ఇరుక్కొని నల్లగొండ నుంచి బయలుదేరాము. అలా ఎక్కించడం తప్పే. అప్పుడు తప్పనిపించలేదు. మాదాపూరులో అప్పటికింకా బండరాళ్ళూ తుప్పలే ఎక్కువ. శిల్పారామం దాటిన తరువాత ఒక గుంతలో వెనుకభాగం ఇరుసును ధడేలున కొట్టుకున్నది. "బావా, నీ పద్మిని కూర్చుండిపోయింది, మంచినీళ్ళు ఇవ్వండి" అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఊరికి చేరిన వారానికే ఒక షెడ్డులో, వేరే పెద్ద బండి నుంచి తీసిన పట్టీని రెండు పక్కలా కట్టలోకి చేర్పించాను. ఆ తరువాత బండి ఎన్నడూ కూర్చోలేదు.

ఉస్తాద్ కట్ట విప్పి నేలమీద పరిచాడు. బండివి అయిదు పట్టీలు, ఒక్కొక్కటి 6 మిల్లీమీటర్లు. నేను చేర్పించినది 8. చూపుకు రెండు మిల్లీమీటర్ల తేడా. కానీ పట్టీ బిగువు మందానికి ఘనంలో పెరుగుతుంది. ఆరు ఘనం 216, అయిదు పట్టీలకు 1080. ఎనిమిది ఘనం ఒక్కదానికే 512. ఒకే ఒక పట్టీతో కట్ట బిగువు దాదాపు సగం పెరిగింది. విప్పకముందు నాలుగు పాతిక కిలోల బియ్యం బస్తాలు డిక్కీలో ఇరుసుకు దగ్గరగా పేర్చి కొలిస్తే బండి 17 మిల్లీమీటర్లే దిగింది. పక్కకు 50 కిలోలు గనుక రేటు ఇంచుమించు మూడు. ఆ పట్టీ తీసి, తుప్పు గీకి, పట్టీల మధ్య గ్రీసు పూసి, కొత్త రబ్బరు బుష్షులు వేసి మళ్ళీ కొలిచాము. 25 మిల్లీమీటర్లు దిగింది. రేటు సరిగ్గా రెండు!

మేము వెదుకుతున్న స్ప్రింగు బండి కిందనే ఉన్నది.

"ఇంక కాయిలోవర్లు వద్దా నాన్నా?" అన్నాడు మా వాడు. వాడి మాటలోనూ న్యాయమున్నది. పట్టీలు ఒకదానిపై ఒకటి రాసుకుంటాయి గనుక చిన్న గతుకులకు వెంటనే లొంగవు. చుట్టస్ప్రింగుకు ఆ బాధ లేదు. కానీ కమాను కట్ట బరువు మోయడమే కాదు, ఇరుసును తన చోట నిలిపి ఉంచుతుంది కూడా. అది తీసివేస్తే ఇరుసుకు పట్టుకొమ్మలుగా కొత్త కడ్డీలు వెల్డింగు చేయాలి. షాకబ్జరు తగిలించిన చోటు ఊపును ఆపడానికి చేసినది, బండి బరువు మోయడానికి కాదు. దాన్నీ బలపరచాలి. యాభై ఏళ్ళు నిండిన బండ్లకు 2021లో కేంద్రం వింటేజి నిబంధనలు తెచ్చింది. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌నూ బాడీనీ ఇంజనునూ మార్చి ఉండరాదు. మా పద్మినికి 2024లో యాభై నిండాయి. నిత్యం తిరగడానికి ఆ నమోదు పనికిరాదు గనుక ఇప్పుడప్పుడే అడగబోము. కానీ ఆ తలుపు మా చేతులతో మేమే మూయడమెందుకు? కొత్త షాకబ్జర్లు మాత్రం వేయించాము.

ఇంటికి వచ్చి మా ఆవిడకు జరిగినదంతా చెప్పాను. ఆ పట్టీ వల్లనే ఆమె నడుము పాడయిందని ఏ వైద్యుడూ అనలేదు. నేనూ అనను. కానీ ఎనిమిదిమంది ఎక్కినది ఆ ఒక్క రోజే. ఆ ఒక్క రోజు కోసం బిగించిన పట్టీ మీద ఆమె ఇరవై ఆరేళ్ళు కూర్చున్నది. మా అమ్మ ముందు సీటులో, ఆమె సరిగ్గా వెనుక ఇరుసు మీద. ఇంట్లో మనుషులు ఎనిమిది నుంచి అయిదయ్యారు, అయిదు నుంచి ముగ్గురయ్యారు. పట్టీ సంగతి నేను తలచుకోనే లేదు.

ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నది. "పెట్టించిన రోజే తెలిసిందండీ నాకు, బండి బిగుసుకుపోయిందని" అన్నది.

"మరి చెప్పలేదేం?"

"మా అన్నయ్య నవ్వినందుకే గదా పెట్టించారు. నేనేమని చెప్పను?"

నా దగ్గర జవాబు లేదు. చేటలోని కాయలు నాలుగు అందుకొని ఒలవసాగాను.

మరుసటి ఆదివారం దుర్గం చెరువు తీగల వంతెన దాకా వెళ్ళి వచ్చాము. దారిలో స్పీడు బ్రేకర్లు తొమ్మిది. లెక్కపెట్టాను. అద్దంలో చూస్తూనే ఉన్నాను. నాలుగవ దాని దగ్గర ఆమె సీటు మీది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నది. ఆరవ దాని దగ్గర కిటికీ అద్దం దించింది. "హారను బొంగురుపోయింది, అది కూడా చూపించండి" అన్నది.

ఇప్పుడు అయిదుగురు ఎక్కితే బండి వెనుకభాగం బాగానే దిగుతుంది. మొన్న బావమరిది వచ్చినప్పుడు అందరమూ ఎక్కాము. చూసి మళ్ళీ అదే మాట అన్నాడు, కూర్చుండిపోయిందని. "అవును బావా, కూర్చోనీ" అన్నాను.

ఆ ఎనిమిది మిల్లీమీటర్ల పట్టీలు రెండూ ఉస్తాద్ పారవేస్తానంటే వద్దని తెచ్చుకున్నాను. బాల్కనీలో తులసికోట కింద ఉన్నాయి.