రాజుల తెలుగు, పాములవాని తెలుగు



2024 ఫిబ్రవరిలో నేనూ మా ఇల్లాలూ సింహళ యాత్ర చేసి వచ్చాము. వచ్చిన మర్నాడే దానిని గురించి వ్రాయాలని కూర్చున్నాను. రెండు వాక్యాలు వ్రాసి ఆపివేశాను. చూసిన కొండలను, కోవెలలను వర్ణించడం పెద్ద పని కాదు. కాని ఆ ఒక్క పగటిని ఉన్నదున్నట్లు చెప్పాలంటే, ముప్పయ్యేడేళ్ళ కిందటి నా తప్పొకటి కూడా చెప్పవలసి వస్తున్నది. అందువల్ల ఇంత ఆలస్యమైంది.

మాది చిత్తూరు జిల్లా. 1985 నుంచి 2020 వరకు తెలుగు పండితుడిగా పనిచేశాను. సరిహద్దు జిల్లా కావడం వల్ల తమిళం మాట్లాడడం మాకు చిన్ననాటినుంచీ అలవాటే. ఆ అలవాటే ఈ యాత్రలో ఎంతో అక్కరకు వచ్చింది. మా బృందంలో పద్నాలుగు మందిమి. మాకు దారి చూపడానికి వచ్చిన యువకుడు కొండసీమ తేయాకు తోటల్లో పుట్టిన తమిళుడు. తమిళం, సింహళం, ఇంగ్లీషు మూడూ ధారాళంగా మాట్లాడతాడు. నాకు తమిళం వచ్చునని తెలిసిన క్షణంనుంచి నన్ను "అయ్యా" అంటూ తన పక్క సీటులోనే కూర్చోబెట్టుకున్నాడు.

ఆనాటి ప్రయాణం దంబుల్లనుంచి కండి మీదుగా నువర ఎలియ వరకు. దంబుల్ల మైదానంలో ఉన్నది. కండి కొండల నడుమ ఉన్నది. నువర ఎలియ ఆరువేల అడుగుల పైమాట. పొద్దుటినుంచి రాత్రి వరకు ఎక్కుతూనే ఉండడం అన్నమాట.

ఏడు గంటలకే దంబుల్ల కొండ ఎక్కాము. మైదానంమీద దాదాపు నూటయాభై మీటర్ల ఎత్తున, ఒకే పెద్ద బండ కింద వరుసగా అయిదు గుహాలయాలు. క్రీస్తుపూర్వం ఒకటవ శతాబ్దంలో వలగంబ అనే రాజు సింహాసనం పోగొట్టుకొని పద్నాలుగేళ్ళు అజ్ఞాతంలో గడిపాడనీ, ఆ కాలంలో ఈ గుహలు అతనికి ఆశ్రయమిచ్చాయనీ, మళ్ళీ రాజైన తరువాత వీటిని ఆలయాలుగా చేశాడనీ చెబుతారు. లోపల నేలతప్ప చూపు పడినచోటల్లా చిత్రాలే. కప్పు ఎగుడుదిగుడుగా ఉంటే చిత్రమూ ఆ ఒంపులను అనుసరించి సాగింది. గుడారం గుడ్డ పైన కట్టారా అనిపించింది.

మూడవ గుహలో ఒక రాజు విగ్రహం ఉన్నది. "కీర్తిశ్రీ రాజసింహుడు, అయ్యా. ఈ గుహాలయం కట్టించినవాడు. మీవైపువాడే" అన్నాడు మా యువకుడు.

మావైపువాడెలా అయ్యాడో దారిలో చెప్పాడు, కొంత నాకూ తెలుసు. కండి రాజులు మధుర నాయకుల బంధువర్గంనుంచి రాణులను తెచ్చుకొనేవారు. 1739లో నరేంద్రసింహుడు వారసుడు లేక మరణించగా, రాణిగారి తమ్ముడికి సింహాసనం దక్కింది. అతడు మొదలు 1815 వరకు నలుగురు నాయక రాజులు కండిని ఏలారు. వారి మూలాన్ని చరిత్రకారులు తెలుగు నాయకులలో చూపిస్తారు. దక్షిణాంధ్ర వాఙ్మయాన్ని ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. తెలుగు తంజావూరికి, మధురకు ఎలా వెళ్ళిందో బల్లగుద్ది చెప్పేవాణ్ణి. అది సముద్రం దాటి ఒక సింహాసనం దాకా వెళ్ళిందన్న మాట మాత్రం ఏనాడూ తరగతిలో చెప్పలేదు. విగ్రహం ముందు నిలబడి, లోపల కొంత గర్వపడ్డానని ఒప్పుకుంటున్నాను.

ఆ గర్వం కొండ దిగేదాకానే నిలిచింది.

కింద బస్సులు ఆగేచోట ఒక ముసలివాడు బుట్ట ముందు పెట్టుకొని నాగస్వరం ఊదుతున్నాడు. బుట్టలో నాగుపాము పడగ విప్పి ఉన్నది. పక్కన గొలుసుతో ఒక కోతి. మా ఇల్లాలు ఏమరుపాటున దగ్గరగా వెళ్ళి, ఉలిక్కిపడి, "ఏమండీ, పాము! పాము!" అని కేకపెట్టింది.

ముసలివాడు నాగస్వరం దించి తలెత్తి చూశాడు. నవ్వి, "పామే, పామే" అన్నాడు.

మేమిద్దరం నిలబడిపోయాము. తరువాత అతడు ఏదో గబగబా అన్నాడు. నాలుగు మాటల్లో రెండు మావి, రెండు కావు. మావైన రెండు కూడా నేనెన్నడూ వినని ఒరవడిలో ఉన్నాయి. నేను ఇది ఏ మాండలికమో, క్రియాపదం ఎలా ముగుస్తున్నదో పట్టుకోవాలని చెవి రిక్కించి నిలుచున్నాను. ఆమె మాత్రం అలాంటివేమీ పెట్టుకోలేదు. కింద చతికిలబడి, "పిల్లలెంతమంది తాతా?" అని అడిగింది. అతడు వేళ్ళు చూపించాడు. ఆమె తన వేళ్ళు చూపించింది. పది నిమిషాలు వారిద్దరూ మాట్లాడుకున్నారు. అందని మాట వచ్చినప్పుడు మా యువకుడు సింహళంలో అడిగి నాకు తమిళంలో చెప్పేవాడు.

అతడిది తంబుత్తేగమ దగ్గరి కుడాగమ అనే ఊరట. అంతకుముందు వారికి ఊరే లేదు. గాడిదలమీద తాటాకు గుడిసెల సామాను వేసుకొని, వారం ఒకచోట వారం ఒకచోటగా తిరిగేవారు. పెద్దలు ఎప్పుడు ఎక్కడినుంచి వచ్చారో అతనికి తెలియదు. మనవలు సింహళ బడికి వెళుతున్నారు. ఇంట్లో ఈ మాట మాట్లాడితే వారికి సిగ్గట. వారిని సింహళంలో 'అహికుంటిక' అంటారని మా యువకుడు చెప్పాడు. అమరకోశం చదివినవారికి 'అహితుండికుడు' అన్న మాట గుర్తుకు రావాలి. పాములవాడని అర్థం. మాట సంస్కృతంనుంచి వచ్చింది, మనుషులు తెలుగుదేశంనుంచి వచ్చారు.

"అయ్యా, ఇన్నేళ్ళుగా ఇక్కడికి వస్తున్నాను. వీళ్ళది గారడీకోసం కల్పించుకున్న భాష అనుకున్నాను" అన్నాడు మా యువకుడు.

బస్సు కదిలింది. అందరూ ఆ ముసలివాణ్ణి గురించే మాట్లాడుతున్నారు. నేను కిటికీవైపు తిరిగి కూర్చున్నాను.

ఇక ఇక్కడ చెప్పాలి. 1987లో నేను పనిచేస్తున్న బడిలో, ఏడవ తరగతిలో, పాములవాళ్ళ పిల్లవాడొకడు ఉండేవాడు. ఊరి బయట గుడారాలనుంచి వచ్చేవాడు. ఆ గుడారాలనుంచి ఏడవ తరగతి దాకా వచ్చినవాడు అతడొక్కడే. ఒకనాడు పద్యం చదవమని లేపాను. శ, ష, స మూడూ అతని నోట ఒక్క 'స'గానే పలికేవి. రెండుసార్లు దిద్దాను. మూడవసారి విసుగెత్తి, "ఒరేయ్, ఇది తరగతి గది. పాములబుట్ట కాదు. బుసలు కొట్టకుండా చదువు" అన్నాను. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా మాట నాకే చమత్కారంగా తోచింది. మర్నాడు ఆ పిల్లవాడు రాలేదు. ఆ తరువాత రానేలేదు. దేశదిమ్మరులు, ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటారని సరిపెట్టుకున్నాను. గుడారాలు మాత్రం ఇంకో రెండు నెలలు అక్కడే ఉన్నాయి. బడికి వెళ్ళే దారిలో రోజూ చూస్తూనే ఉన్నాను.

మాతలె చేరకముందే ఆలు విహారం దగ్గర బస్సు ఆగింది. గొప్ప బండరాళ్ళ మధ్య చిన్న చిన్న గుహలు. త్రిపిటకాలు మొట్టమొదట తాటాకులమీదికి ఎక్కింది ఇక్కడేనని సింహళుల సంప్రదాయం. ఆ పని జరిగింది కూడా దంబుల్లలో తలదాచుకున్న వలగంబ కాలంలోనే. అంతవరకూ ఆ వాఙ్మయమంతా భిక్షువుల నోళ్ళలోనే ఉండేది. కరవు వచ్చింది, యుద్ధాలు వచ్చాయి. కంఠస్థం చేసినవారు ఒక్కొక్కరే రాలిపోతుంటే, మిగిలినవారు భయపడి వ్రాయడం మొదలుపెట్టారు. నోట ఉన్నది నోటితోనే పోతుందని తెలిసి చేసిన పని అది. అక్కడి గ్రంథాలయం 1848 తిరుగుబాటు నాటి దాడిలో చాలావరకు నాశనమైంది. మళ్ళీ కుదిర్చారు. ఒక భిక్షువు తాళపత్రంమీద గంటంతో నా పేరు సింహళ లిపిలో వ్రాసి, మసి పులిమి తుడిచి చేతికిచ్చాడు. మన అక్షరాల్లాగే గుండ్రనివి. గుండ్రదనమంతా పరిచితమే, ఒక్క అక్షరమూ చదవరాదు.

కండి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దంతాలయాన్ని గురించి ఎందరో వ్రాశారు గనుక నేను విస్తరించను. బుద్ధుని దంతధాతువును ఏడు కరండాల్లో ఒకదానిలో ఒకటి పెట్టి ఉంచారు. మనకు కనిపించేది పై కరండమే. ఆలయానికి ఎదురుగా ఉన్న సరస్సూ, ముందున్న ఎనిమిది మూలల మండపమూ చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు కట్టించినవి. నాయక రాజులు శైవాచారంలో పెరిగినా బౌద్ధాన్ని నిలబెట్టారు. భిక్షు దీక్ష ఇచ్చే పరంపరే తెగిపోయిన రోజుల్లో, 1753లో సయాం దేశంనుంచి భిక్షువులను రప్పించి దానిని పునరుద్ధరించినవాడు దంబుల్లలో చూసిన కీర్తిశ్రీయే. అయినా 1760లో అతణ్ణి చంపడానికి సొంత ప్రధానులే కుట్ర పన్నారు. ఎంత చేసినా పరాయివాడన్న మాట పోలేదు.

చివరి రాజు కథ మరీ విషాదం. 1815 ఫిబ్రవరిలో ఇంగ్లీషువారికి పట్టుబడ్డాడు. మార్చి 2న ప్రధానులు ఒడంబడికపై సంతకాలు చేసి రాజ్యం అప్పగించారు. రాజును వేలూరు కోటకు పంపారు. అక్కడే 1832లో మరణించాడు. వేలూరు మాకు గంట ప్రయాణం. వైద్యానికని ఎన్నిసార్లు వెళ్ళి ఉంటానో లెక్కలేదు. పాలారు ఒడ్డున అతని సమాధి ఉన్నదని కండి సరస్సు గట్టుమీద నిలబడి, ఒక పరదేశపు యువకుడి నోట విన్నాను.

"ఆ రాజుల భాష ఇక్కడ ఎక్కడైనా మిగిలిందా?" అని అడిగాను.

అతడు ఆలోచించి, "రాజులది మిగలలేదు అయ్యా. పొద్దున చూశారే, అదే" అన్నాడు.

డెబ్బయ్యారేళ్ళు సింహాసనంమీద కూర్చున్నవారు దేశంతో కలవడానికి తమ మాటను వదులుకున్నారు. వారిని తప్పుపట్టలేము. వదులుకున్నా కలుపుకోలేదు, అంతే. లిపి లేదు, వ్యాకరణం లేదు, పండితుడు లేడు, పట్టుమని ఒక పూరిగుడిసె లేదు. అటువంటివాడు పాముబుట్టతో పాటు తెలుగును భుజాన మోసుకొని తిరిగాడు. నేను జీవితమంతా భాషను కాపాడుతున్నాననుకున్నాను. కాపాడినవాడిని తరగతినుంచి వెళ్ళగొట్టాను.

కండి దాటాక కొండదారి. తేయాకు తోటలు దువ్విన తలల్లా ఉన్నాయి. రంబొడ దగ్గర జలపాతం చూసి అందరూ దిగి ఫొటోలు తీసుకున్నారు. ఒక మలుపులో పొడుగ్గా రేకుల ఇళ్ళ వరుస కనిపించింది. "మా తాత ఇలాంటి లైనులోనే పుట్టాడు" అన్నాడు మా యువకుడు. 1823 నుంచి తమిళనాటనుంచి కూలీలుగా వచ్చినవారు మొదట కాఫీ తోటల్లో, తెగులుతో కాఫీ నాశనమయ్యాక తేయాకు తోటల్లో పనిచేశారు. 1948లో వచ్చిన చట్టం వారిలో చాలామందిని ఏ దేశమూ లేనివారిగా చేసింది. 1964లో రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకొని, 5,25,000 మందిని ఇండియాకు పంపాలని, 3,00,000 మందిని ఇక్కడే ఉంచాలని పంచుకున్నాయి. వాళ్ళ తాత ఇక్కడ ఉండిపోయాడు. తాత అన్న నీలగిరికి వెళ్ళాడు. అన్నదమ్ములు మళ్ళీ కలుసుకోలేదు.

"బడిలో మమ్మల్ని 'తోటవాళ్ళు' అనేవారు అయ్యా. పట్నపు తమిళ మాస్టర్లే. మా తమిళం తమిళం కాదనేవారు" అన్నాడు నవ్వుతూ.

నేను నవ్వలేకపోయాను. నేనూ అటువంటి మాస్టరునేనని అతనితో చెప్పానా? చెప్పలేదు. చెప్పడానికి అప్పుడు నోరు రాలేదు.

నువర ఎలియ చేరేసరికి చీకటి, చలి. పిదురుతలాగల శిఖరం మబ్బులో మునిగి ఉన్నది. 2,524 మీటర్లట, ద్వీపంలోకెల్లా ఎత్తైన కొండ. మేము చూడలేదు.

ఇంటికి వచ్చాక రెండు పనులు చేశాను. ఒకనాడు వేలూరు వెళ్ళి పాలారు ఒడ్డున ఆ రాజు సమాధి చూశాను. రెండవది, పాత బడికి వెళ్ళి 1987 నాటి రిజిస్టరు అడిగాను. దొరికింది. అతని పేరు మీద ఎర్రసిరాతో గీత, పక్కన 'దీర్ఘకాలంగా గైర్హాజరు' అని నా దస్తూరీ. ఊరి బయట గుడారాల స్థలంలో ఇప్పుడు పక్కా ఇళ్ళ కాలనీ ఉన్నది. అక్కడ విచారించాను. ఆ కుటుంబం ఎప్పుడో బెంగుళూరువైపు పనులకు వెళ్ళిపోయిందనీ, తరువాత తెలియదనీ అన్నారు. ఎందుకని అడిగితే ఉన్న సంగతి చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ కాలనీలోనే ఒక పెద్దామె, "మా మాటలు కావాలంటే నన్నడుగు అయ్యవారూ, పిల్లోళ్ళకు రావు" అన్నది. ఇప్పుడు ప్రతి ఆదివారమూ వెళుతున్నాను. ఇల్లాలు తోడు వస్తుంది. ఆమె మాట్లాడిస్తుంది, నేను వ్రాసుకుంటాను. నోటుపుస్తకంలో ఇప్పటికి 212 మాటలు చేరాయి. దీనితో ఆ పిల్లవాడి బాకీ తీరుతుందని నేననుకోవడం లేదు.

మిత్రులారా, మీ ఊళ్ళ అంచుల్లోనూ ఇటువంటి మాటలు ఉంటాయి. వీలైతే వ్రాసి ఉంచండి. ఒక్క మనవి: విన్నట్లే వ్రాయండి. మొదటి ఆదివారం నా చెయ్యి అలవాటు కొద్దీ 'స'ను కొట్టివేసి 'శ' దిద్దింది. ఇంటికి వచ్చాక ఆ పుట చించి, మళ్ళీ వ్రాశాను.