ఏది ముందైతే అది

పోయిన సంక్రాంతి సెలవులయ్యాక నాన్న నన్ను హాస్టల్లో దింపడానికి ఒంగోలు నుంచి గుంటూరు బయల్దేరారు. వెనక సీట్లో నా బకెట్, పరుపు, అమ్మ కట్టిన అరిసెల డబ్బా. మేదరమెట్ల దాటాక టప్‌మని ఒక్క చప్పుడొచ్చింది, అంతే. పొగ లేదు, అంతకుముందు ఏ మూలుగూ లేదు. స్విచ్ ఆపేసిన ఫ్యాన్‌లాగా ఇంజిన్ ఆగిపోయింది.

నాన్న బండిని పక్కకు తీసి మళ్లీ తాళం తిప్పారు. రోజూ బరువుగా ఆయాసపడుతూ తిరిగే ఇంజిన్ ఆ రోజు గిర్రున తేలిగ్గా తిరిగింది, కానీ స్టార్ట్ కాలేదు. మూడుసార్లు తిప్పారు. టీ కొట్టు దగ్గరున్న ఇద్దరు అన్నలొచ్చి "గేర్లో వేసి వదలండి సార్, మేం నెడతాం" అన్నారు. నేనూ దిగి నెట్టాను. లోపల ఏదో టకటకా కొట్టుకుంది. ఆ నెట్టుడు ఎంత తెలివితక్కువ పనో తర్వాత తెలిసింది.

తాడు కట్టి ఒంగోలు లాక్కెళ్లారు. షెడ్డులో మెకానిక్ భాయ్ ఇంజిన్ పక్కనున్న ప్లాస్టిక్ మూత విప్పి, తెగిపోయిన నల్లటి బెల్టు ముక్క బయటికి లాగారు. "టైమింగ్ బెల్ట్ సార్. హెడ్డు దింపాలి" అన్నారు. నాన్న ఆ బెల్టు వంక చూడలేదు. నా వంక చూశారు.

ఎందుకో చెప్పే ముందు ఆ బెల్టు పనేంటో చెప్పాలి. ఇంజిన్‌లో కింద క్రాంక్ షాఫ్ట్ పిస్టన్లను నడుపుతుంది, పైన క్యామ్ షాఫ్ట్ వాల్వులను తెరుస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా రెంటినీ కట్టి ఉంచేది పళ్లున్న ఈ రబ్బరు బెల్టే. నిమిషానికి 3000 చుట్లంటే సెకనుకి 50. అంటే ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుని, పిస్టన్ పైకొచ్చేలోపు తప్పుకోవాలి. ఇద్దరూ వాడుకునేది ఒకటే చోటు, వేర్వేరు టైముల్లో. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో క్రిటికల్ సెక్షన్ గురించి విన్నప్పుడు నాకు ఇప్పుడు బాత్రూమ్ క్యూ ఉదాహరణ గుర్తుకు రావట్లేదు, మా కారే గుర్తొస్తోంది. అక్కడ లాక్ పేరు బెల్టు. అది తెగగానే క్యామ్ ఆగిపోతుంది, కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి, కింద పిస్టన్లు మాత్రం ఊపు మీద వచ్చి వాటిని గుద్దుతాయి. కొన్ని పెట్రోల్ ఇంజిన్లలో మధ్యన ఖాళీ ఉంటుంది కాబట్టి బండి ఆగడంతో సరిపోతుంది. మాది డీజిల్. పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు చాలా తక్కువ.

మా ఎనిమిది వాల్వుల్లో ఆరు వంగిపోయాయి. అందులో తెగినప్పుడు వంగినవెన్నో, మేం తాళం తిప్పి, నెట్టి వంచినవెన్నో భాయ్ కూడా చెప్పలేకపోయారు. మీ బండి ఎప్పుడైనా ఇలా ఆగి, తాళం తిప్పితే తేలిగ్గా తిరుగుతుంటే దయచేసి రెండోసారి తిప్పకండి.

ఇక అసలు విషయం. రెండేళ్ల క్రితం నాన్న ఈ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 2015 మోడల్, పాత ఓనరు పెద్దగా తిప్పలేదు. నాన్న పొగాకు గోడౌన్లో లెక్కలు రాస్తారు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. డాష్‌బోర్డులోంచి మాన్యువల్ తీసి "నీకు ఇంగ్లీషొచ్చు కదమ్మా, ఎప్పుడేం మార్చాలో చూసి చెప్పు" అన్నారు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చూశాను. టైమింగ్ బెల్ట్ దగ్గర లక్ష కిలోమీటర్లు అని కనపడింది. "లక్ష దాకా అక్కర్లేదు నాన్నా" అన్నాను. ఆ లైను అక్కడితో అయిపోలేదు. లక్ష కిలోమీటర్లు లేదా అయిదేళ్లు, ఏది ముందైతే అది.

మీటరు 71,000 దగ్గరుంది. బెల్టుకి మాత్రం అయిదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. లోపల గాజు దారాలున్నా పైన ఉన్నది రబ్బరే కదా, ఇంజిన్ వేడికి ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లిస్తుంది, పళ్లు బలహీనపడతాయి. ఆయిల్ కారి దాని మీద పడితే ఇంకా త్వరగా పాడవుతుంది. మూత కింద ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. ల్యాబ్‌లో 'ఆర్' ఉన్న కండిషన్లో సగమే రాస్తే మార్కులు పోతాయి. ఇక్కడ పోయినవి 41,000 రూపాయలు, నా హాస్టల్ ఫీజుకని పక్కన పెట్టినవి. ముందే మార్పించి ఉంటే బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు అన్నీ కలిపి 9,000 లోపే అయ్యేదట. (మా ఇంజిన్‌లో పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది. పాత పంపు బిగుసుకుపోతే కొత్త బెల్టూ పోతుంది, అందుకే అన్నీ ఒకేసారి మారుస్తారు.)

డబ్బు కన్నా నన్ను కోసేసింది భాయ్ మామూలుగా అన్న మాట. "దసరాకి సర్వీసింగ్‌కొచ్చినప్పుడే చెప్పాను కదా సార్, పాత బండి, బెల్టు మారుద్దామని. మీరే కదా, మా అమ్మాయి పుస్తకం చదివింది, ఇంకా ముప్ఫై వేలు తిరగొచ్చంట అన్నారు." నాన్న ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

ఆ రాత్రి భోజనాలయ్యాక మాన్యువల్ పట్టుకెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఆ లైను ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. నేను సగమే చదివానని కూడా చెప్పాను. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏది ముందైతే అదా" అన్నారు మెల్లగా. కాసేపటికి లేచి, లెక్కల పుస్తకం, పెన్ను తెచ్చుకున్నారు.

"మొదటి పేజీ నుంచి చదువు. నిదానంగా. నేను రాసుకుంటా."

పదకొండున్నర దాకా చదివాను. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలట. మాది ఎప్పుడు మార్చారో ఇంట్లో ఎవరికీ తెలీదు.