కుప్పలు సరే, విడివి ఏవీ?

కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేం పుట్టపర్తిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్న ఎండాకాలం సెలవులకు తండాకు పోయినప్పుడు రెండు, మూడు తరగతుల పిల్లోళ్లను సాయంత్రం పూట వేపచెట్టు కింద కూర్చోబెట్టుకున్నాం. ఇరవై మూడు రాయమంటే సగం మంది పలక మీద 203 అని రాసినారు.

మేం నవ్వలేదు. చిన్నప్పుడు మేమూ అట్లే రాసి దెబ్బలు తిన్నోళ్లమే. ఆలోచిస్తే పిల్లోళ్ల తప్పేం లేదు. 'ఇరవై' అని వినపడింది, 20 వేసినారు. 'మూడు' అని వినపడింది, పక్కన 3 పెట్టినారు. విన్నది విన్నట్టే రాసినారు. పదుల స్థానంలో ఉంటే 2 అంకెకే ఇరవై విలువ వస్తుందని వాళ్లకు ఎవరూ చూపించలేదు. గడులు గీసి ఒకట్లు, పదులు అని బట్టీ పట్టించినారంతే.

ముందు శెనక్కాయలతో మొదలుపెట్టినాం. మన అనంతపురం సీమలో వాటికేం కొదవ? కానీ పది కుప్ప పోసేలోపల ఒకటి నోట్లోకి పోతాంది, తొమ్మిదే మిగులుతాండాయి. దాంతో చీపురు పుల్లలకు మారినాం.

మొదటి రోజు పదేసి పుల్లలు మేమే కట్టి ఇచ్చినాం. అది మా పొరపాటు. రెండు కట్టలు, మూడు పుల్లలు చూపిస్తే "ఐదు" అన్నారు. వాళ్ల కంటికి కట్ట కూడా ఒకటే కదా! మరుసటి రోజు అన్నీ విప్పి ముందర పోసినాం. పది లెక్కపెట్టు, రబ్బరు బ్యాండు వెయ్యి, మళ్లీ పది లెక్కపెట్టు. చేత్తో తానే కట్టినాక, అందులో పది ఉన్నాయని ఎవరూ చెప్పే పని లేదు.

ఇది చూసి మా దాదీ నవ్వింది. ఆమె బడి మొహం చూడలేదు. మేకలను ఇప్పటికీ వీసుల లెక్కన, అంటే ఇరవైల లెక్కన చెప్తుంది. గుంపులు చేసి లెక్కపెట్టడం మన ఇండ్లల్లో ఉన్నదే. బడికి పోయి మనమే మర్చిపోయినాం.

కట్టడం వచ్చినాక విప్పడం నేర్పినాం. 32లో 5 తీయాలంటే విడి పుల్లలు రెండే ఉన్నాయి. ఒక కట్ట విప్పితే పన్నెండు అయినాయి. పది రూపాయల నోటుకు చిల్లర మార్చినట్టే. నలభై అడిగితే నాలుగు కట్టలు పెట్టి, విడివి లేవు కాబట్టి అక్కడ సున్నా రాసినారు. సున్నా ఎందుకో అప్పుడు తెలిసింది వాళ్లకు.

ఇంక అసలు సంగతి. ఉపాధి పథకం, మన నోట్లో కరువు పని, 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఏడాదికి ఇంటికి వంద రోజుల పని అని అప్పటి చట్టం రాసింది. కానీ ఎన్ని రోజులు చేసినామో కాయితం చదువుకోలేని ఆడోళ్లు మా తండాలో చానా మంది. ఒక పాప యాడి రోజుకొక చింతపిక్క డబ్బాలో వేసుకుంటుంది. పాప ఆ పిక్కలు నేల మీద పోసి పదేసి కుప్పలు పెట్టింది. నాలుగు కుప్పలు, ఏడు విడివి. కాయితం మీద 40 ఉంది. మా దగ్గరికి పరిగెత్తుకొచ్చి అడిగింది: "భియా, కుప్పలు సరే, విడివి ఏవీ?"

ఏడు రోజులు ఎండలో మట్టి తవ్వి మోసిన కూలి అది.

పాప యాడి డబ్బా చేతిలో పట్టుకొని పోయి అడిగింది. చూస్తామన్నారు. ఇంకా తేలలేదు, మేమూ వెంటబడుతున్నాం. కానీ ఇన్నేండ్లలో ఆమె అడగడం ఇదే మొదటిసారి. అంకె చదవడం రాకపోతే అడగడానికి నోరెట్ల వస్తుంది?

సెలవులకు ఊరికి పోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఒక పాత చీపురు, గుప్పెడు రబ్బరు బ్యాండ్లు తీసుకోండి. కట్టలు మాత్రం మీరు కట్టొద్దు. పిల్లోళ్లతోనే కట్టించండి.